వరి కయ్యల్లో కలుపు మందు కొట్టే ముందు

నాట్లు వేసి పది పన్నెండు రోజులయ్యాక కయ్యంతా ఒకటే పచ్చగా ఉంటుంది. వంగి చూస్తే తప్ప అందులో వరిలాగే కనిపించే ఊద అనే కలుపు గడ్డి ఎంతుందో తెలియదు. ఆకు కాండాన్ని అంటుకునే చోట వరికి పల్చటి తెల్ల పొర ఉంటుంది, ఊదకు ఆ చోట ఏమీ ఉండదు. ముందు ఇది చూడండి. గడ్డిజాతి కలుపు, తుంగ, వెడల్పాకు కలుపు, ఈ మూడింట్లో మీ కయ్యలో ఏది ఎక్కువో తేలాకే షాపుకు వెళ్లండి. అనుమానముంటే రెండు మొక్కలు వేళ్లతో సహా పీకి నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానానికి పట్టుకెళ్లండి. 1937 నుంచి వరి మీద పనిచేస్తున్న చోటు అది, అడగడానికి మొహమాటం వద్దు.

నాటిన వరికి మొదటి 30 నుంచి 45 రోజుల్లో కలుపు తగిలితేనే ఎక్కువ నష్టం. ఆ తర్వాత ఎంత ఖర్చు పెట్టినా పోయిన పిలకలు తిరిగి రావు.

మందు పనిచేయలేదని మనం తిట్టుకునే సందర్భాల్లో చాలావరకు తేడా నీళ్ల దగ్గరే జరుగుతుంది. నాటిన 3 నుంచి 5 రోజుల్లో వేసే ప్రెటిలాక్లోర్ (50 శాతం మందు ఎకరాకు 500 మి.లీ., 20 కిలోల పొడి ఇసుకలో కలిపి) మొలిచే గింజ మీద పనిచేస్తుంది. కాబట్టి పల్చగా నీళ్లు నిలిచి ఉండాలి, చల్లాక నీళ్లు బయటికి పోయే మడవ తెరవకూడదు. బిస్‌పైరిబాక్ సోడియం అలా కాదు, ఆకు మీద పడాలి. కలుపు 2 నుంచి 4 ఆకులప్పుడు, నీళ్లు తీసేసి, ఎకరాకు 100 మి.లీ. 200 లీటర్ల నీళ్లలో కొట్టి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టాలి. వెదజల్లిన వరిలో మామూలు ప్రెటిలాక్లోర్ వేస్తే వరి మొలకే దెబ్బతింటుంది. సేఫ్‌నర్, అంటే వరి మొలకను కాపాడే పదార్థం, కలిసిన రకమే అడగండి.

అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ఆ రెండు రోజులు పిచికారీ ఆపేయండి. గాలి ఉన్న పూట అసలే వద్దు.

పిచికారీ పంపు సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నాలుగేళ్ల కిందట వెడల్పాకు కలుపును చంపే 2,4-డి మందు కొట్టిన పంపును నీళ్లతో కడిగి, అదే పంపుతో మిరపకు పురుగు మందు కొట్టాం. వారానికల్లా చిగుళ్లు మెలితిరిగాయి, ఆకులు తాళ్లలా సాగాయి. వైరస్ అనుకుని ఇంకో మందు కొట్టాం. మా ఆవిడ రోజూ తోటకు వెళ్లి చెట్టు చెట్టూ తడిమి చూసి వచ్చేది. తీరా తప్పు పంపులో అడుగున మిగిలిన మందుది. మిరప, పత్తి, పొగాకు, మినుము, వంగ, ఇవి దెబ్బతినడానికి 2,4-డి చుక్క చాలు. కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోండి, ఎర్ర పెయింటుతో గుర్తు వేయండి. పక్క కయ్యలో పొగాకు ఉంటే ఆ రైతుకు ముందే చెప్పండి.

పంపు కడిగిన నీళ్లు కాలువలో పోయకండి. కింద రొయ్యల గుంటలున్నాయి, పశువులు తాగుతాయి.

గట్ల మీద గడ్డికి పారాక్వాట్ కొట్టేవాళ్లు ఒక్క మాట వినండి: అది లోపలికి పోతే విరుగుడు లేదు. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకండి. చేతి తొడుగులు, మాస్కు లేకుండా కూలీని పంపకండి. ఒకవేళ ఎవరికైనా ఒంట్లో తేడా చేస్తే, మందు డబ్బా కూడా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.