పేలు ఎందుకు వదలవు? వాటి పట్టు ఎక్కడుందో చూడండి

సమస్య: ఎంత తలంటినా పేలు అలాగే ఉన్నాయి

పేనుకు ఆరు కాళ్లు. ప్రతి కాలి చివరా వంగిన గోరు, దానికి ఎదురుగా బొటనవేలిలా చిన్న మొన ఉంటాయి. ఆ రెంటి మధ్య సందు మన తలవెంట్రుక మందానికి సరిగ్గా సరిపోతుంది. నీళ్లు పడితే పేను వెంట్రుకను పట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. ఊపిరి రంధ్రాలు మూసుకుని గంటల తరబడి నీళ్లలో బతకగలదు కూడా. ఇక షాంపూకు ఏం లొంగుతుంది?

తడి జుట్టుకు కండిషనర్ దండిగా పట్టించండి. దాంతో పేలు కాసేపు మందగిస్తాయి. ముందు చిక్కు తీసి, తర్వాత పేలదువ్వెనతో పాయపాయగా కుదుళ్ల నుంచి కొసదాకా దువ్వండి. దువ్విన ప్రతిసారీ దువ్వెనను తెల్లగుడ్డకు తుడిస్తే ఏం వచ్చాయో తెలుస్తుంది. మూడు రోజులకోసారి, కనీసం రెండు వారాలు ఇలా చేయాలి. కొబ్బరినూనె దువ్వడానికి సాయపడుతుంది కానీ, అదొక్కటే పేలను చంపేస్తుందని నమ్ముకోవద్దు.

సమస్య: తెల్లచుక్కలు దులిపినా రాలడం లేదు

రాలితే చుండ్రు, రాలకపోతే చాలావరకు ఈపులే. ఆడపేను గుడ్డును కుదురుకు దగ్గరగా, వెంట్రుక చుట్టూ జిగురుతో అతికిస్తుంది. ఆ జిగురు ఆరిందంటే నీళ్లకు, సబ్బుకు కరగదు. దాన్ని కరిగించేంత ఘాటైనది ఏదైనా జుట్టును కూడా పాడుచేయొచ్చు. వెనిగర్ మీద ఆశ పెట్టుకోకండి. రెండు గోళ్ల మధ్య పట్టి కొసవైపు లాగేయడమే దారి. విసుగు పని, ఒప్పుకుంటాను. అయితే కుదురుకు సెంటీమీటరు కన్నా దూరంగా ఉన్నవి సాధారణంగా ఖాళీ పెంకులే. జుట్టు నెలకు సెంటీమీటరు పెరుగుతుంది, గుడ్డేమో 7 నుంచి 10 రోజుల్లో పొదుగుతుంది. వాటికోసం టెన్షన్ పడక్కర్లేదు.

సమస్య: మందు రాశాక మళ్లీ వచ్చాయి

1 శాతం పర్మెత్రిన్ అనే పేలమందు పేలను చంపుతుంది, గుడ్లన్నిటినీ చంపదు. అందుకే 9 లేదా 10వ రోజున రెండోసారి రాయాలి. ఆలోగా పుట్టిన పిల్లలు ఎదిగి గుడ్లు పెట్టకముందే చావాలి. అప్పటికీ పేలు తిరుగుతుంటే అదే మందు మళ్లీ మళ్లీ రాయకుండా డాక్టరుకు చూపించండి. మందుకు లొంగని పేలు ఉన్నాయి. ఇంట్లో అందరి తలలూ ఒకేరోజు చూడాలి. కిరోసిన్ మాత్రం వద్దే వద్దు. చర్మం కాలుతుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

సమస్య: పరుపులు, దిళ్లు అన్నీ ఉతకాలా?

అక్కర్లేదు. పేను ఎగరదు, గెంతదు. నున్నటి ప్లాస్టిక్ మీద దాని గోళ్లకు పట్టు చిక్కదు. తల వదిలితే ఒకట్రెండు రోజుల్లో చస్తుంది. ఈ రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికితే చాలు. పరుపులకు స్ప్రే కొట్టించడం డబ్బు దండగ. పేలు ఎక్కువగా పాకేది తలకు తల ఆనినప్పుడే, అంటే పిల్లలు ఒకే ఫోన్‌లోకి తొంగిచూసేటప్పుడు!

సమస్య: తలలో ఏమీ లేదు, తెల్లారేసరికి ఒంటిమీద దద్దుర్లు

నల్లులేమో చూడండి. నల్లి గోళ్లకు చెక్క, గుడ్డ గరుకు చాలు. నున్నటి గాజు మీద మాత్రం జారిపోతుంది. మంచంకోళ్లను గాజు గిన్నెల్లో పెట్టి, మంచం గోడకు తగలకుండా, దుప్పటి నేలకు వేలాడకుండా చూడండి. గిన్నెలో దుమ్ము పేరుకుంటే పట్టు దొరుకుతుంది కాబట్టి తుడుస్తూ ఉండాలి. మంచం కీళ్లలో అప్పటికే దాగినవాటికి ఇది పనికిరాదు, వాటిని విడిగా ఏరేయాల్సిందే.