తలకి సరిగ్గా పట్టే టోపీ అల్లడం ఎలా?

మా నరసాపురం వైపు మధ్యాహ్నం పూట ఏ అరుగు మీద చూసినా లేసు సూది ఆడుతూనే ఉండేది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ద్వారా వచ్చిన ఈ అల్లికకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. చేయి తిరిగినవాళ్లకి కొదవలేదు. కానీ లేసు బల్ల మీద పరుచుకుంటుంది, టోపీ తల మీద కూర్చోవాలి. తేడా అంతా అక్కడే.

నేను మొదటిసారి అల్లినదాన్ని చూసి మా పిన్ని, "మూకుడు అల్లావేంటే, గారెలు వేయిద్దామా?" అంది. అది లెక్క తప్పు కాదు. లేసు అల్లినట్టు దారం బిగించి లాగేశాను.

మన ఎండలకి ఊలు సంక్రాంతి ముందు కొన్ని వారాలే పనికొస్తుంది. అందుకే నేను కాటన్ దారమే వాడతాను. కొన కొక్కెంలా ఉండే క్రోషే సూది 3.5 మిల్లీమీటర్లది తీసుకోండి, లేసుకి వాడే సన్నది దీనికి కుదరదు. ఇంట్లో లేసు దారమే ఉంటే పోగులు కలిపి వాడుకోవచ్చు, అయినా సూది మాత్రం లావుదే. ఎరుపు, ముదురు నీలం దారాలైతే కాస్త ముక్క ముందే తడిపి చూడండి, రంగు దిగుతుందేమో.

కొలత ముందు. ఆరు నెలల పాప తల చుట్టుకొలత సుమారు 42 సెంటీమీటర్లు. టోపీ కాస్త పట్టి ఉండాలి కాబట్టి 2 తగ్గించి 40 అనుకుందాం. దాన్ని 3.14తో భాగిస్తే 12.7. అంటే నడినెత్తి మీద కూర్చునే చక్రం అడ్డంగా 12.7 సెంటీమీటర్లు వచ్చేదాకా పెంచి, ఆ తర్వాత పెంచడం మానేయాలి. పెద్దవాళ్లకీ ఇదే లెక్క. తల 56 ఉంటే 54 తీసుకోండి, చక్రం 17 దాకా వస్తుంది.

మొదలు పెట్టడానికి దారాన్ని వేలికి రెండు చుట్లు చుట్టి ఉంగరంలా చేయండి. అందులో మూడు గొలుసులు వేయండి, అవే మొదటి పొడుగు కుట్టు (సూది మీద ఒకసారి దారం చుట్టుకుని వేసేది) కింద లెక్క. మరో పదకొండు పొడుగు కుట్లు వేసి దారం మొదటి కొసని, అంటే తోకని లాగితే నడుమ రంధ్రం మూసుకుంటుంది. ఆ తోకని 15 సెంటీమీటర్లయినా వదలండి, పొట్టిగా కత్తిరిస్తే నాలుగో ఉతుక్కే ఊడి వస్తుంది. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి, 24. మూడో వరసలో ఒకటి మామూలుగా, తర్వాతిదానిలో రెండు, 36. నాలుగులో రెండు మామూలుగా వేశాక ఒకదానిలో రెండు, 48. ఇలా వరసకి 12 పెరుగుతాయి. వరస మొదట్లో పిన్నీసు పెట్టుకుంటే లెక్క తప్పదు.

అయితే లెక్క కన్నా కంటిని నమ్మండి. ప్రతి వరస అయ్యాక నేల మీద పరిచి చూడాలి. అంచు పైకి లేస్తే చేయి బిగుసుకుంది, లేదా కుట్లు చాలలేదు. సూది అరమిల్లీమీటరు పెంచండి. అంచు ఎండిన అరిటాకులా ముడతలు పడితే కుట్లు ఎక్కువయ్యాయి, ఒక వరస పెంచకుండా వేస్తే సర్దుకుంటుంది. పెంచే చోటు ప్రతి వరసలో ఒకదాని మీద ఒకటి పడితే చక్రానికి మూలలు వస్తాయి, కాస్త జరుపుతూ ఉండండి.

చక్రం సరిపోయాక పెంచకుండా 10 సెంటీమీటర్లు కిందికి అల్లుకుంటూ పోండి. చివరి మూడు వరసలు నాకు ఇష్టమైనవి. కుట్టు తలలో కాకుండా దాని కాడ చుట్టూ సూది తిప్పాలి, ఒకటి ముందు నుంచి, పక్కది వెనక నుంచి. గట్లు గట్లుగా వచ్చి అంచు సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. కాటన్‌కి సాగే గుణం తక్కువ కాబట్టి ఈ అంచు లేకపోతే టోపీ వారంలో కళ్ల మీదకి జారుతుంది.

రెండు సూదులతో నిట్టింగ్ చేసేవాళ్లకి దారి తిరగబడుతుంది, అంచు నుంచి మొదలుపెట్టి నెత్తి దగ్గర ముగించాలి. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు పడుతుంటే పాప టోపీకి 80 ఎక్కించండి. నిట్ అంటే మామూలు కుట్టు, పర్ల్ అంటే దాన్ని తిరగేసిన కుట్టు. ఒక నిట్, ఒక పర్ల్‌గా 4 సెంటీమీటర్లు అల్లండి. తర్వాత ఒక వరస నిట్, ఒక వరస పర్ల్‌గా మొత్తం 11 సెంటీమీటర్లు అయ్యేదాకా పోండి. అక్కడి నుంచి నిట్ వరసల్లో మాత్రమే తగ్గించాలి: ఎనిమిది కుట్లు వేసి రెండు కలపడం, తర్వాతిసారి ఏడు వేసి రెండు కలపడం, అలా. చివరికి 8 మిగులుతాయి. దారం వాటిలోంచి దూర్చి బిగించి, వెనక అతుకు కుట్టేయండి.

పసిపిల్లల టోపీకి బొత్తాలు, పూసలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయాలి, ఒళ్లు వేడెక్కుతుంది. అమ్మమ్మలు ఒప్పుకోరు, అయినా తీయండి.

ఉతికాక పిండకండి, తాడు మీద వేలాడదీయకండి. తువ్వాలులో చుట్టి ఒత్తి, తల కొలతకి దగ్గరగా ఉన్న గిన్నె బోర్లించి దాని మీద తొడిగి నీడలో ఆరబెట్టండి. వర్షాకాలంలో మా వైపు రెండు రోజులు పడుతుంది, ఫ్యాన్ కింద పెట్టుకోవడమే.