మొదటి ముప్పై పొట్లాలు: తిరుపతి, చిత్తూరు ఇళ్ల నుంచి ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టే పద్ధతి

ఆన్‌లైన్ వ్యాపారం అనగానే చాలామంది ముందుగా వెబ్‌సైటు గురించి, ఆ తర్వాత పేరు గురించి, లోగో గురించి ఆలోచిస్తారు. ఆ ఆలోచనల్లోనే ఆరు నెలలు గడిచిపోతాయి. ఈలోగా ఒక్క వస్తువు కూడా అమ్ముడుపోదు, ఉత్సాహం మాత్రం ఖర్చయిపోతుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంటి దగ్గరి నుంచే ఏదైనా అమ్మాలనుకునేవారికి నేను చెప్పేది ఒకటే: ముప్పై పొట్లాలు పంపి, వాటి డబ్బు వసూలు చేసుకుని, ఒక్కో పొట్లానికి అయిన ఖర్చును నోటుపుస్తకంలో రాసేదాకా మిగతా వాటి జోలికి వెళ్లకండి. ముప్పై అనే సంఖ్యకు శాస్త్రమేమీ లేదు. పది పొట్లాలైతే చుట్టాలే కొనేస్తారు. ముప్పై పంపాలంటే ముఖపరిచయం లేనివారు కొందరైనా కొనక తప్పదు.

ఏం అమ్మాలన్న ప్రశ్నకు మన ప్రాంతంలో జవాబులు తక్కువేమీ కావు. శ్రీకాళహస్తి కలంకారీ ఉంది, మాధవమాల కొయ్యబొమ్మలున్నాయి, 2022 నాటి జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చిన వెంకటగిరి చీరలున్నాయి, ఇవేవీ చేతకాకపోయినా ప్రతి ఇంట్లో రాగిపిండి, చెనిగ్గింజల పొడి ఉండనే ఉన్నాయి. మొదటిసారికి పగలనిది, కారనిది, నెల రోజులైనా చెడనిది ఎంచుకోవడం మంచిది. నేను మొదట పంపింది మామిడికాయ ఊరగాయ. నూనె కారి, అట్టపెట్టె తడిసి, చిరునామా చెరిగిపోయి, అది వారం తర్వాత మా ఇంటికే తిరిగొచ్చింది. ఆ తర్వాతే పొడుల వైపు మళ్లాను.

కలంకారీ అమ్మదలచినవారు ఒక జాగ్రత్త పాటించాలి. శ్రీకాళహస్తి కలంకారీ అంటే కలంతో చేత్తో గీసిన పని, దానికి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు అసలు వస్తువుకే ఆ పేరు వాడాలన్న చట్టపరమైన గుర్తింపు ఉంది; మిషన్ మీద అచ్చువేసిన బట్టను ఆ పేరుతో అమ్మడం కొనేవారినీ, గీసేవారినీ కూడా మోసగించడమే అవుతుంది కనుక, అచ్చుబట్ట అయితే అచ్చుబట్ట అనే రాయాలి. అలాగే తిరుపతి లడ్డుకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి, ఇంట్లో చేసిన లడ్డు ఎంత రుచిగా ఉన్నా ఆ పేరు పెట్టరాదు. దర్శనం టికెట్లు ఇప్పిస్తామంటూ ఫోన్లలో సాగే వ్యవహారాన్ని నేను వ్యాపారాల లెక్కలోనే చేర్చను.

ఇక లెక్క. ఈ పనిలో లాభనష్టాలను నిర్ణయించేది ప్రకటన కంటే ఎక్కువగా తూకమే. కొరియర్ ఛార్జీని సాధారణంగా అర కిలో మెట్ల చొప్పున లెక్కగడతారు, అంటే 510 గ్రాములున్నా కిలో డబ్బే పడుతుంది. పావుకిలో పొడి ప్యాకెట్లు రెండు పెడితే సరుకే 500 గ్రాములు, దానికి కవరు, అట్టపెట్టె, టేపు కలిస్తే మెట్టు దాటిపోయినట్టే. అదే 200 గ్రాముల ప్యాకెట్లు రెండైతే చుట్టిన తర్వాత కూడా అర కిలో లోపలే సర్దవచ్చు. అందువల్ల ప్యాకెట్ ఎంత ఉండాలన్నది వంటింట్లో కాక కొరియర్ కౌంటర్ దగ్గర నిర్ణయించుకోవాలి.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. 200 గ్రాముల చెనిగ్గింజల పొడికి సరుకు, గ్యాసు కలిపి 45 రూపాయలు, కవరు, లేబులు 10 రూపాయలు, మన శ్రమకు 20 రూపాయలు వేసుకుంటే ప్యాకెట్‌కు 75 అవుతుంది. రెండు ప్యాకెట్లకు 150, అట్టపెట్టెకు 15, కొరియర్‌కు 60, మొత్తం 225. జతను ఇంటికి చేర్చి 260 రూపాయలు తీసుకుంటే 35 రూపాయలు మిగులుతాయి. ఒక్క పార్సెల్ దారిలో పోయిందంటే ఆరు పార్సెళ్ల మీద మిగిలిన డబ్బు దానికే చాలదు. అదే ఒక్క ప్యాకెట్ మాత్రమే పంపితే 75కు పెట్టె, కొరియర్ కలిపి 150 అవుతుంది. పొడికి అంత పెట్టేవారు అరుదు కనుక ఒంటి ప్యాకెట్ అమ్మకపోవడమే మేలు. మీ శ్రమకు వేసుకున్న ఆ 20 రూపాయలను ఎప్పుడూ కొట్టివేయకండి. ఇంట్లోవాళ్లమే కదా చేసుకునేది అంటూ దాన్ని వదిలేసినవారు ఆరు నెలలకు అలిసిపోయి మానేయడం నేను చూశాను.

తూకంతో పాటు పెట్టె పరిమాణం కూడా చూడాలి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు తూకం కంటే ఎక్కువైతే, ఆ ఎక్కువకే డబ్బు కట్టించుకోవడం మామూలు. 25, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో 400 గ్రాముల పొడి పంపితే కిలోన్నర ఛార్జీ పడుతుంది, అదే పొడిని 18, 12, 8 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే అర కిలో మెట్టు దాటదు. ఇంట్లో ఊరికే పడి ఉందని పెద్ద పెట్టె వాడటం, చూశారా, అన్నింటికంటే ఖరీదైన పొదుపు.

అనుమతుల విషయంలో భయపడాల్సిందీ, అలసత్వం చూపాల్సిందీ లేదు. తినే వస్తువు అమ్మేవారు ఇంటి వంటగదిలో చేసినా ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అందులో వచ్చే 14 అంకెల సంఖ్యను, పదార్థాల జాబితాను, నికర బరువును, తయారుచేసిన తేదీని, ఎన్నాళ్లలోపు వాడాలో దాన్ని, గరిష్ఠ ధరను, మీ చిరునామాను లేబులు మీద వేయాలి. చిన్న వ్యాపారాల నమోదు కోసం 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగేవారు మధ్యవర్తులని గుర్తించండి.

జీఎస్టీ దగ్గర మాత్రం మన జిల్లాలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కరలేదు, కానీ ఆ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. చిత్తూరులో బస్సెక్కితే తొందరగానే చేరే వేలూరు తమిళనాడు కనుక, పన్ను పడే సరుకును అక్కడికి అమ్మాలంటే మొదటి పొట్లానికే రిజిస్ట్రేషన్ కావాలి. రాష్ట్రానికి ఆ చివర ఉన్న శ్రీకాకుళానికి పంపితే అక్కరలేదు. చేతివృత్తుల వస్తువులకు ఇందులో కొంత మినహాయింపు ఉంది. బెంగళూరు, చెన్నైలలోని మనవాళ్లను నమ్ముకుని మొదలుపెట్టేవారు ముందుగా ఒక పన్నుల సలహాదారును కలవడం అవసరం. పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలో సైతం, 2023 అక్టోబరు 1 నుంచి, చిన్న అమ్మకందారులు జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య తీసుకుని జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు.

అమ్మడానికి తొలి రోజుల్లో వాట్సాప్ బిజినెస్ చాలు. అది ఉచితం, అందులో వస్తువుల కేటలాగ్ పెట్టుకోవచ్చు. ఒకే సందేశాన్ని పలువురికి విడివిడిగా చేర్చే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపినది మీ నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే చేరుతుంది కనుక, ప్రతి పొట్లంలోనూ నంబరు సేవ్ చేసుకోమని కోరుతూ ఒక చీటీ పెట్టండి. ఫోటోలు ఉదయం పూట వసారాలో, ఎండ నేరుగా పడని చోట తీస్తే రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. డబ్బు ముందుగా యూపీఐలో తీసుకోండి, కాని స్క్రీన్‌షాట్ చూసి పంపకుండా బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పంపండి. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కాల్సిన అవసరం ఎన్నడూ ఉండదు. సరుకు చేరాక డబ్బు ఇస్తామనేవారికి మొదటి ముప్పైలో మర్యాదగా కాదని చెప్పండి, ఎందుకంటే తిరిగొచ్చిన పార్సెల్‌కు రానుపోను ఛార్జీలు మీ నెత్తినే పడతాయి. రాష్ట్రం లోపల బస్టాండుకు వచ్చి తీసుకోగలిగినవారికి ఆర్టీసీ కార్గో కూడా ఒక దారి.

చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో అన్నిటికంటే చిన్నదైన శిశు రుణం 50 వేల రూపాయల దాకా దొరుకుతుంది. అయితే ముప్పై పొట్లాల లెక్క చేతిలో లేకుండా అప్పుకు వెళ్లమని నేనెవరికీ చెప్పను. రెండో వారంలో ఆర్డర్లు ఆగిపోతాయి, తెలిసినవాళ్లంతా కొనేశారు కనుక అది సహజం. "ఏమ్మా, వ్యాపారం ఎందాకా వచ్చింది?" అని వీధిలో అడిగేది కూడా సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో కొత్త వస్తువు చేర్చాలనిపిస్తుంది, చేర్చకండి. కొన్నవారికి ఒక్కొక్కరికి ఫోన్ చేసి, ఉప్పు సరిపోయిందా, ప్యాకెట్ చిరగకుండా వచ్చిందా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

ముప్పయ్యో పొట్లం చేరాక నోటుపుస్తకం తెరిచి, ఎవరూ అడగకుండానే రెండోసారి తెప్పించుకున్నవారి పేర్ల కింద గీత గీయండి. వాళ్లలో చుట్టాలను తీసేయగా నలుగురైదుగురైనా మిగిలితే అదే వస్తువు మరో ముప్పై పొట్లాలకు కవర్లు కొనండి. ఒక్కరూ మిగలకపోతే వస్తువునో, ధరనో మార్చి, కొత్త పేజీలో ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టండి.