యుద్ధం తరువాత విశ్వవిద్యాలయ పాలన: మొదటి ఏడాది చేయవలసిన పనులు

యుద్ధం ఆగిన ప్రాంగణంలో అడుగుపెట్టగానే కూలిన గోడలే కంటపడతాయి కాబట్టి కొత్త ఉపకులపతి మనసు ముందు భవనాల మీదికే పోతుంది. అయితే అంతకంటే ముందు తేలవలసింది ఎవరి సంతకం చెల్లుతుందన్న సంగతి. తాత్కాలిక పాలకమండలిని నియమించే ఉత్తర్వులోనే దాని గడువును, అధికారాల హద్దును, ఎన్నికైన మండలికి బాధ్యతలు అప్పగించే తేదీని రాయించండి. ఆచార్యులతో పాటు విద్యార్థులకు, బోధనేతర సిబ్బందికి అందులో చోటివ్వండి. సాయుధ వర్గాలకు వాటాలు పంచడానికి మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోకండి.

తరువాతి పని రికార్డులు. 2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్ నగరం ఐసిస్ ఉగ్రవాద సంస్థ చేతికి చిక్కాక అక్కడి విశ్వవిద్యాలయం దుహోక్, కిర్కుక్ ప్రాంతాలకు తరలి బోధన సాగించింది. 2017లో ప్రాంగణం విముక్తమయ్యేసరికి కేంద్ర గ్రంథాలయం కాలిపోయి ఉంది. చోటు పోయినా సంస్థ మిగిలిందంటే తరగతులు నడవడమే కారణం. కాలిన కాగితాలు మాత్రం తిరిగి రావు, కనుక మార్కుల రిజిస్టర్లు దొరికినవి దొరికినట్టు స్కాన్ చేయించి, ప్రతులను నగరం వెలుపల రెండు చోట్ల భద్రపరచండి. నిర్వాసితులైన విద్యార్థుల దగ్గరున్న మార్కుల పత్రాలను సేకరించి సరిపోల్చండి. ఏ ఆధారమూ మిగలనివారికి ఇతరుల సాక్ష్యం మీద పట్టా ఇవ్వడం కంటే కొత్తగా పరీక్ష పెట్టడమే న్యాయం.

అన్నిటికన్నా కష్టమైనది మనుషుల విషయం. 1937లో నాజీ ప్రభుత్వం పదవి నుంచి తొలగించిన తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1945లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పునరుద్ధరణలో పాలుపంచుకున్నారు. అన్యాయంగా ఉద్యోగం కోల్పోయినవారిని అలా గౌరవంగా వెనక్కి పిలవాలి. దురాగతాలలో భాగమైనవారిపై విచారణ జరపాలి, కానీ మొత్తం ఒక విభాగాన్నో ఒక వర్గాన్నో దోషిగా నిలబెట్టకూడదు. ప్రతి వ్యక్తికీ ఆరోపణను రాతపూర్వకంగా ఇచ్చి, జవాబు చెప్పుకునే అవకాశాన్ని, అప్పీలు హక్కును కల్పించండి. దీనికంటే లోతుగా కోసే గాయం మరొకటుంది: ఉండిపోయినవారు వెళ్ళిపోయినవారిని పారిపోయారంటారు, వెళ్ళినవారు ఉన్నవారిని లొంగిపోయారంటారు. ఉండిపోయినంత మాత్రాన, వెళ్ళిపోయినంత మాత్రాన ఎవరి సీనియారిటీకీ నష్టం రాదని మొదటి సమావేశంలోనే తీర్మానించండి. ఈ ఒక్క తీర్మానాన్ని వాయిదా వేస్తే ప్రతి పదోన్నతీ పాత పగను తిరగతోడుతుంది.

డబ్బు విషయంలో వేతనాలే ముందు. దాతలు తమ పేరు చెక్కించుకునే భవనాన్ని కోరితే, ప్రయోగశాల సామగ్రికీ సాంకేతిక సిబ్బంది జీతాలకూ సాయం అడగండి, లెక్కలను మూడు నెలలకొకసారి నోటీసుబోర్డులో పెట్టండి. మందుపాతరలు తొలగించినట్టు ధ్రువపత్రం అందేదాకా ఏ భవనంలోనూ తరగతులు మొదలుపెట్టకండి.

గడువు తేదీకి ఆరు నెలల ముందే ఎన్నికల నియమావళిని ప్రకటించి, తాత్కాలిక ఉపకులపతి ఆ ఎన్నికలో పోటీ చేయరాదన్న నిబంధనను అందులో మొదటిదిగా చేర్చండి.