చిప్‌లో బ్యాక్టీరియా వెలగకపోతే – నా అనుభవం

హన్మకొండలోని మా ల్యాబ్‌లో, వెంట్రుకంత సన్నటి కాలువలున్న పీడీఎంఎస్ (పారదర్శకమైన సిలికోన్ రబ్బరు) చిప్‌లో ఈ.కోలై అనే బ్యాక్టీరియాను పెంచుతున్నాం. వాటిలో, విబ్రియో ఫిషెరీ అనే వెలిగే సముద్ర బ్యాక్టీరియా నుంచి తెచ్చిన లక్స్ జన్యువులకు జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) జోడించాం కాబట్టి, గుంపు పెరిగి ఏహెచ్‌ఎల్ అనే సంకేత రసాయనం పోగైతే పచ్చగా వెలగాలి. ఫ్లాస్కులో వెలిగేవి, చిప్‌లో ఎంత కిక్కిరిసినా చీకటే. అందరికీ జన్యువుల మీద అనుమానం, నాకేమో కాలువల్లోకి ఆహార ద్రవాన్ని తోసే సిరంజి పంపు మీద.

పంపు ఆపి చూస్తే కాసేపటికి వెలుగు మొదలైంది! ఆహారం తెచ్చే ప్రవాహమే సంకేతాన్నీ కడిగేస్తోంది. అలాగని ఆపేస్తే ఆకలికి మాడతాయి. అందుకే కాలువ పక్కన ఒకవైపే తెరిచిన చిన్న గదులతో కొత్త అచ్చు చేయించాం. లోపలికి ఆహారం వ్యాపనంతోనే (ప్రవాహం లేకుండా, తనంతట మెల్లగా పాకి) వెళ్తుంది, సంకేతమూ తొందరగా జారిపోదు. గది లోపలి మూల ముందు వెలిగింది, వాకిలి దగ్గరివి ఆలస్యంగా.

కాలువల్లో గాలి బుడగల గోల వేరే. మన ఎండల వేడికి ద్రవంలో కరిగిన గాలి బుడగలవుతుంది కాబట్టి, మీడియాను (ఆ ఆహార ద్రవాన్ని) ముందే వాక్యూమ్‌లో పెట్టి గాలి తీసేయండి.