జ్వరం తగ్గిందని ఊరికి బస్సెక్కకండి

బెంగళూరులో వానలు మొదలయ్యాయి. మొన్న మా మారతహళ్లి వీధిలో ఒక పీజీ హాస్టల్ కుర్రాడికి డెంగీ వచ్చింది. ఐదో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. "తగ్గిపోయిందన్నా, ఇంటికెళ్లి అమ్మ చేతి చారన్నం తింటే లేచి కూర్చుంటా" అని ఆ రాత్రే విజయవాడ స్లీపర్ ఎక్కేశాడు. దారిపొడవునా వాంతులు. తెల్లారేసరికి బీపీ పడిపోయి ఐసీయూలో తేలాడు. బతికాడు, అదృష్టం.

దోమతెర, నిండు చేతుల చొక్కా లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. ఇక్కడి మనవాళ్లు ఏటా చేసే తప్పు ఒక్కటే, జ్వరం దిగగానే జబ్బు తగ్గిందనుకోవడం.

డెంగీ జ్వరం రెండు నుంచి ఏడు రోజులుంటుంది. అసలు గండం అది దిగేటప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీరులాంటి భాగం, బయటికి కారి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. ఇదంతా 24 నుంచి 48 గంటల్లో నడిచే వ్యవహారం. థర్మామీటర్ మాత్రం 98 చూపిస్తూనే ఉంటుంది. ఆ రెండు రోజులూ మీరు ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలి, హైవే మీద కాదు. ఆఫీసులో అసలే కాదు.

ఇక ప్లేట్‌లెట్ల, అంటే రక్తం గడ్డకట్టించే కణాల, పిచ్చి. కౌంటు తగ్గిందనగానే వాట్సాప్ గ్రూపుల్లో దాతల కోసం పరుగులు. డాక్టర్ రిపోర్టులో హిమటోక్రిట్, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె, ఎంత పెరిగిందో కూడా చూస్తారు, మనం ఆ గడి వైపు కన్నెత్తి చూడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 మార్గదర్శకాల ప్రకారం కౌంటు 50,000 కన్నా తగ్గినా, రక్తస్రావం లేకపోతే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించవద్దు. ఆ మార్గదర్శకాలు డెంగీతో పాటు చికున్‌గున్యా, జికా, ఎల్లో ఫీవర్‌లకూ వర్తిస్తాయి, ఎందుకంటే మొదట్లో ఏది ఏదో పోల్చుకోవడం కష్టం.

అందుకే ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. కొన్ని నొప్పి బిళ్లల్లో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ కలిపి ఉంటుంది, స్ట్రిప్ వెనక చదవండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అడగకండి.

బొప్పాయి ఆకు రసం తాగుతానంటే నేను ఆపలేను. దాన్ని నమ్ముకుని ఆసుపత్రి మానేస్తే మాత్రం ఊరుకోను.

కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మత్తుగా పడి ఉండటం, చిరాకుతో కుదురు లేకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా, జ్వరం లేకపోయినా, అర్ధరాత్రయినా ఆటో ఎక్కండి.

మూత్రం తగ్గినా అంతే.

ఓఆర్ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు గంటగంటకూ తాగించండి.

పీజీలో రోగిని గదిలో ఒంటరిగా వదిలేసి అందరూ డ్యూటీకి పోవద్దు.

రోగిని పగలు కూడా తెరలో పడుకోబెట్టండి. ఈ దోమ పగలు కుడుతుంది, అతన్ని కుట్టిన దోమే కొన్ని రోజులకు మీకు అంటిస్తుంది.

గర్భిణికి జ్వరమొస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

కావేరి నీళ్లు రావని, ట్యాంకర్ ఆలస్యమవుతుందని నింపుకున్న డ్రమ్ములకు మూతలు బిగించండి. వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలు పీచుతో రుద్దండి. గుడ్లు గోడకే అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఒట్టి నీళ్లు పారబోస్తే లాభం లేదు.

ఫ్రిజ్ వెనక నీళ్లు నిలిచే ట్రే లాగి చూడండి. ఇప్పుడే.

జ్వరం దిగిందా? మరుసటి రెండు రోజులూ ప్రయాణం బంద్. టికెట్ డబ్బులు పోతే పోనీ.

ఓనరు సంపుకు మూత పెట్టించకపోతే బతిమాలకండి. డెంగీని 2024లో కర్ణాటక మహమ్మారి వ్యాధుల జాబితాలో చేర్చి, దోమలు పెరగనిచ్చేవాళ్లకు జరిమానా పెట్టింది. ఫోటో తీసి వార్డు ఆఫీసులో ఇవ్వండి.