పాడైన ఈఎక్స్‌టీ4 పార్టిషన్ నుంచి ఫొటోలు ఇలా రాబట్టాను

కరెంటు పోయి వచ్చాక, నా లినక్స్ కంప్యూటర్‌లో సొంత ఫైళ్లుండే హోమ్ పార్టిషన్ (ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌తో ఉన్న డిస్క్ భాగం) మౌంట్ కాలేదు, అంటే తెరుచుకోలేదు. ఎన్నిసార్లు చూసినా "బ్యాడ్ సూపర్‌బ్లాక్" అనే ఎర్రరే. సూపర్‌బ్లాక్ అంటే ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే బ్లాక్. అందులో నాన్నగారి ఫొటోలున్నాయి. ఎంత టెన్షన్‌గా ఉన్నా ఇలాంటప్పుడు అసలు డిస్క్ మీద రిపేర్ నడపకూడదు.

లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌తో) బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో పార్టిషన్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌లోకి ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా తీశాను. డీడీరెస్క్యూకు మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైల్) తప్పకుండా ఇవ్వండి, మధ్యలో ఆగినా అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. ముందు బాగున్న భాగాలు చదివేసి, మొండికేసే సెక్టార్ల జోలికి చివర్లో వెళ్తుంది. డిస్క్ కొనఊపిరితో ఉన్నప్పుడు ఈ పద్ధతి ఎంత విలువైనదో!

ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాక్‌కు నకళ్లు దాచుకుంటుంది. బ్లాక్ సైజు 4 కేబీ అయితే మొదటి నకలు మామూలుగా 32768వ బ్లాక్‌లో ఉంటుంది. ఇమేజ్‌కు ఇంకో కాపీ తీసి, దాని మీద ఫైల్ సిస్టమ్‌ను రిపేర్ చేసే ఈ2ఎఫ్ఎస్‌సీకేను, ఆ నకలునే వాడమని చెప్పే "మైనస్ బి 32768" ఆప్షన్‌తో నడిపాను. తర్వాత రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే ఫోల్డర్లు చాలావరకు కనిపించాయి. కొన్ని ఫైళ్లు మాత్రం పేర్లు పోయి, ఉత్త ఇనోడ్ నంబర్లతో (ఫైల్ సిస్టమ్ లోపల ఫైళ్లకుండే నంబర్లతో) "లాస్ట్+ఫౌండ్" ఫోల్డర్‌లో చేరాయి. వాటిలో జేపెగ్‌లు ఏవో "ఫైల్" కమాండ్‌తో తేల్చుకుని, ఫొటో ఫైల్‌లోనే నమోదై ఉండే ఎక్సిఫ్ తేదీలను బట్టి పేర్లు పెట్టుకున్నాను.